ఊరూ పేరూ: చిన్న వ్యాపారానికి కీలక పదాల ఎంపిక

వాటర్లూ అనే పేరు ప్రపంచంలో ఒక్క ఊరిది కాదు. 1815లో నెపోలియన్ ఓడిపోయిన బెల్జియం పట్టణం మొదటిది. ఆ యుద్ధం జరిగిన మరుసటి ఏడాదే కెనడాలో ఒక టౌన్‌షిప్పుకు ఆ పేరు పెట్టారు. నేటి ఒంటారియో వాటర్లూ నగరానికి ఆ పేరు అలా సంక్రమించింది. లండనులో ఒక పెద్ద రైల్వే స్టేషను, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇంచుమించు 67 వేల జనాభా గల నగరం, ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు పేట ఒకటి, ఇవి కూడా వాటర్లూలే. మన వైపు రామాపురాలు, కొత్తపేటలు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. జిల్లా పేరు, తాలూకా పేరు రాస్తే తప్ప ఉత్తరం చేరేది కాదు. ఉత్తరాల కాలం పోయిందేగాని ఆ చిక్కు పోలేదు.

ఈ ఒంటారియో వాటర్లూలో ఒక తెలుగు ఇల్లాలు తన ఇంటి బేస్‌మెంటులో పిల్లలకు లెక్కలు చెబుతున్నదనుకుందాం. ఆమెకు ఎం.ఎస్సీ. పట్టా ఉన్నది, ఓపిక ఉన్నది, సాయంత్రం పూట మూడు గంటల తీరిక ఉన్నది. కావలసింది పదిహేను మంది పిల్లలు. భర్త ఒక వారాంతంలో వెబ్‌సైటు తయారు చేశాడు. పుట పైభాగాన పెద్ద అక్షరాలతో 'వాటర్లూ మ్యాథ్' అని రాశాడు. ఊరి పేరు, పని పేరు రెండూ ఉన్నాయి. ఇంతకంటె ఇంకేం కావాలి? మూడు నెలలు గడిచాయి. సైటుకు వచ్చిపోయిన వారి పట్టిక చూస్తే సంతోషంగానే ఉన్నది. హైదరాబాదు నుండి, బీజింగు నుండి, దుబాయి నుండి సందర్శకులు వచ్చారు. రెండు వీధుల అవతల ఉన్న తల్లి మాత్రం ఫోను చేయలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. 1957లో మొదలైన వాటర్లూ విశ్వవిద్యాలయం గణితానికి పేరు పొందింది. ఆ విశ్వవిద్యాలయపు గణిత, కంప్యూటింగ్ విద్యా కేంద్రం పాఠశాల పిల్లలకు పోటీ పరీక్షలు నిర్వహిస్తుంది. 7, 8 తరగతులకు గాస్, 9కి పాస్కల్, 10కి కేలీ, 11కి ఫెర్మా, 12కి యూక్లిడ్ అని గణిత శాస్త్రజ్ఞుల పేర్లతో ఆ పరీక్షలు ప్రసిద్ధం. వాటిని అనేక దేశాల పిల్లలు రాస్తారు. కనుక 'వాటర్లూ మ్యాథ్' అని శోధన యంత్రంలో టైపు చేసేవారిలో అత్యధికులకు కావలసింది ఆ పరీక్షల పాత ప్రశ్నపత్రాలే. వాటర్లూ అన్నది ఆ మాటలో ఊరి పేరు కానే కాదు, ఒక పరీక్ష పేరు. ఆ ఇల్లాలి చదువులో గాని, భర్త పనితనంలో గాని లోపం లేదు. మాట ఎంపికలో లోపం ఉన్నది.

వెతికేవారు టైపు చేసే మాటలకు, పుటలో మనం రాసుకునే మాటలకు పొత్తు కుదరాలని ఎంచుకునే పదాలను కీలక పదాలంటారు. చిన్న సేవా వ్యాపారాలు నడిపే మన వారు వీటిని ఎంచుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న: "ఈ మాటను నెలకు ఎంతమంది వెతుకుతారు?" ఈ ప్రశ్న తప్పు. అడగవలసింది, ఈ మాట ఎవరిని ఎవరి నుండి వేరు చేస్తుంది అని. కళాశాలలో రసాయన శాస్త్రం చదివిన వారికి డైమీథైల్ గ్లయాక్సిమ్ గుర్తుండే ఉంటుంది. 1905లో చుగాయెవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు దాని గుణాన్ని కనుగొన్నాడు. నికెల్ ఉన్న ద్రావణంలో వేస్తే గులాబీ ఎరుపు అవక్షేపం వస్తుంది. పక్కనే ఇనుము, కోబాల్టు ఉన్నా, తగిన జాగ్రత్తలు తీసుకుంటే అవి అడ్డు రావు. లోహాలన్నిటితోనూ అవక్షేపమిచ్చే కారకాలు ప్రయోగశాలలో చౌకగా దొరుకుతాయి. అయినా నికెల్ కావలసినవాడు వాటి జోలికి పోడు. కీలక పదం కూడా అటువంటి కారకమే. ఎంత ఎక్కువమందితో చర్య జరుపుతున్నదన్నది దాని గొప్పతనం కాదు.

ఈ భావానికి గణిత రూపం ఇచ్చిన వ్యక్తి కేరెన్ స్పార్క్ జోన్స్ అనే ఆంగ్ల విదుషి. 1972లో ప్రచురించిన వ్యాసంలో ఆమె చెప్పిన సంగతి ఇది: ఒక పదం ఎన్ని పత్రాలలో కనబడుతుందో చూడు, అది తక్కువ పత్రాలలో కనబడే కొద్దీ ఆ పదానికి బరువు ఎక్కువ ఇవ్వు. ఆమె పనిచేసింది కేంబ్రిడ్జిలో. వాటర్లూ వాసులు తొందరపడకూడదు. ఇది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి, వాటర్లూకు పొరుగున ఉన్న కేంబ్రిడ్జి కాదు. మళ్ళీ ఊరి పేరుతోనే చిక్కు! లెక్క చూద్దాం. మొత్తం పది లక్షల పుటలు ఉన్నాయనుకుందాం. ఒక మాట వాటిలో లక్ష పుటలలో కనబడితే నిష్పత్తి 10, దాని లాగరిథమ్ 1. మరొక మాట పది పుటలలోనే కనబడితే నిష్పత్తి లక్ష, లాగరిథమ్ 5. అనగా రెండవ మాటకు మొదటిదాని కంటె అయిదు రెట్లు బరువు. నేటి శోధన యంత్రాలు ఈ ఒక్క సూత్రం మీదే నడవడం లేదు; వందలాది ఇతర సూచనలు వాటికి తోడయ్యాయి. అయితే అరుదైన మాట గుర్తుపట్టడానికి పనికివస్తుందన్న సత్యం మారలేదు. పెళ్ళిలో తప్పిపోయిన పిల్లవాడిని వెతికేటప్పుడు "తెల్లచొక్కా వేసుకున్నాడు" అంటే ఏం లాభం?

మాటలను వెతికే శాస్త్రంలో వాటర్లూ ఊరికి స్వంత చరిత్ర ఉన్నదన్న సంగతి అక్కడి మన వారిలోనే చాలామందికి తెలియదు. 1980లలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం తమ మహా ఆంగ్ల నిఘంటువును కంప్యూటరులోకి ఎక్కించే ప్రయత్నంలో వాటర్లూ విశ్వవిద్యాలయం సహాయం తీసుకున్నది. గాస్టన్ గొనే, ఫ్రాంక్ టొంపా, టిమ్ బ్రే మొదలైనవారు ఆ ప్రాజెక్టులో పనిచేశారు. అంత పెద్ద గ్రంథంలో ఏ మాటనైనా, ఏ పదబంధాన్నైనా క్షణాలలో పట్టుకోవడానికి వారు ప్యాట్ అనే శోధన వ్యవస్థను నిర్మించారు. గ్రంథంలో ప్రతి పదం మొదలయ్యే చోటు నుండి చివరి దాకా ఉన్న పాఠాన్ని ఒక్కొక్క తీగగా భావించి, ఆ తీగలన్నిటినీ అకారాది క్రమంలో పేర్చడం అందులోని కిటుకు. నిఘంటువు రెండవ కూర్పు 1989లో 20 సంపుటాలుగా వెలువడింది. ఆ పరిశోధన నుండి 1991లో ఓపెన్ టెక్స్ట్ అనే సంస్థ పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం నేటికీ వాటర్లూలోనే ఉన్నది. 1995లో ఆ సంస్థ అంతర్జాలం మీద శోధన యంత్రాన్ని నడిపింది. యాహూ కూడా కొంతకాలం దానిని వాడుకున్నది.

తరువాతి సంగతి నేటి విషయానికి మరింత దగ్గర. 1996లో ఓపెన్ టెక్స్ట్ వారు డబ్బు ఇచ్చినవారి పుటలను ఫలితాలలో పైన చూపుతామన్నారు. జనం మండిపడ్డారు. గ్రంథాలయంలో పుస్తకాల వరుసను అమ్ముకోవడం వంటిదని విమర్శలు రాగా ఆ ప్రయత్నం మూలబడింది. కాని ఆలోచన చావలేదు. 1998లో కాలిఫోర్నియాలో గోటు అనే సంస్థ మాటలను వేలం వేయసాగింది. 2000లో గూగుల్ తన ప్రకటనల వ్యాపారం ప్రారంభించి, అమ్మిన చోటు వేరు, సహజంగా వచ్చిన ఫలితం వేరు అని గీత గీసింది. ఆనాటి నుండి మాటకు ధర ఉన్నది. ధర ఉన్నచోట దళారి ఉంటాడు.

దళారి ముచ్చట చెప్పక తప్పదు. కొత్తగా వలస వచ్చిన కుటుంబం ఒకటి ఇళ్ళు శుభ్రం చేసే పనో, వంటల ఆర్డర్ల పనో, నాట్యం నేర్పే పనో మొదలుపెట్టగానే ఫోను మోగుతుంది. "మిమ్మల్ని మొదటి స్థానంలో నిలబెడతాం, హామీ మాది, నెలకు ఇంత" అని అవతలి గొంతు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే బహిరంగంగా చెబుతున్నది. ఏ మాటకు మొదటి స్థానమో అడగండి. అక్కడే గుట్టు బయటపడుతుంది. ఎవరూ వెతకని అయిదు పదాల వాక్యానికి మొదటి స్థానం సంపాదించడం ఏమంత కష్టం కాదు. వెబ్ పుట వెనుక దాచిన కీలక పదాల జాబితాకు డబ్బు అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ జాబితాను తాము ఫలితాల క్రమానికి వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఒకే మాటను పుటలో ముప్పైసార్లు కుక్కే విద్యకు 2003 నవంబరులో వచ్చిన మార్పులతోనే పెద్ద దెబ్బ తగిలింది. కిచెనర్‌కు ఒకటి, కేంబ్రిడ్జికి ఒకటి, గ్వెల్ఫ్‌కు ఒకటి అని ఊరి పేరు మాత్రం మార్చి అచ్చుగుద్దినట్లు ఇరవై పుటలు పెట్టే పద్ధతి మీద 2015లో ఆంక్షలు కఠినమయ్యాయి. కాలం చెల్లిన మందులను కొత్త సీసాలలో అమ్ముతున్నారన్నమాట. నష్టపోయేది తొలి ఏడాది ఆదాయం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు. అది వారి పిల్లల స్వెట్టర్ల డబ్బు.

ఇక సరైన మాటలు ఎక్కడ దొరుకుతాయి? ముందు ఊరి సంగతి. చుట్టుపక్కల సేవల విషయంలో గూగుల్ మూడు అంశాలను చూస్తానంటుంది: అడిగినదానితో సంబంధం, దూరం, ప్రఖ్యాతి. వీటిలో దూరాన్ని మాటలతో మార్చలేము. వెతికేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో యంత్రానికి చాలావరకు తెలుసు. "నాకు దగ్గరలో" అనే మాటను పుటలో పదేపదే రాసినంత మాత్రాన దుకాణం దగ్గరకు జరగదు. లేని చోట ఉన్నట్లు చిరునామా చూపడం మోసం. పట్టుబడితే ఉన్న పేరు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఇంటింటికీ వెళ్ళి పనిచేసేవారు చిరునామా దాచి, తాము తిరిగే ప్రాంతాన్ని మాత్రం చూపవచ్చు. ఆ ప్రాంతం సుమారు రెండు గంటల కారు ప్రయాణం దాటరాదని నియమం ఉన్నది. రెండు గంటలంటే వాటర్లూ నుండి టొరంటో దాటిపోవచ్చు. నిజంగా అంత దూరం వెళ్ళి కుళాయి బిగించి వస్తారా? మంచు కురిసే జనవరి సాయంత్రం వెళ్ళగలిగిన దూరమే అసలైన వ్యాసార్థం. దానికి సరిపడే పేర్లే రాయాలి.

ఆ పేర్లలోనూ వింతలున్నాయి. వాటర్లూ అంటే నగరం కావచ్చు. 2021 జనగణన ప్రకారం దాని జనాభా 1,21,436. వాటర్లూ అంటే 1973లో ఏర్పడిన ప్రాంతీయ పరిపాలనా విభాగం కావచ్చు. కిచెనర్, కేంబ్రిడ్జి నగరాలు, నాలుగు టౌన్‌షిప్పులు కలుపుకొని దాని జనాభా 5,87,165. కిచెనర్ పేరు 1916 వరకు బెర్లిన్ అన్న సంగతి సరదాకు చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆ మాటతో వెతికేవారికి జర్మనీ కావాలి. స్థానికులు రెండు నగరాలనూ కలిపి కె-డబ్ల్యూ అంటారు. కిచెనర్ నడిబొడ్డును డౌన్‌టౌన్ అంటారు. వాటర్లూ నడిబొడ్డును మాత్రం అప్‌టౌన్ అంటారు. ఊరికి కొత్తవాడు 'డౌన్‌టౌన్ వాటర్లూ' అని రాస్తే పాతవారు నవ్వుకుంటారు. రెండు నగరాల గుండా సాగే కింగ్ స్ట్రీట్ కిచెనర్‌లో పడమర, వాటర్లూలోకి రాగానే దక్షిణం అయిపోతుంది! ఇటువంటి మాటలు ఏ దళారి పట్టికలోనూ ఉండవు. బస్సులో, పాఠశాల గేటు దగ్గర, గుడిలో విని తెలుసుకోవలసినవి.

పని పేరు విషయంలో పొరపాటు మరొక తీరుగా ఉంటుంది. పనివాడు తన విద్య పేరు రాస్తాడు. వచ్చేవాడు తన బాధ పేరు చెబుతాడు. వాటర్లూ ప్రాంతపు నీరే దీనికి మంచి ఉదాహరణ. అక్కడి నీటిలో ముప్పాతిక వంతు వరకు భూగర్భ జలం, మిగిలినది గ్రాండ్ నది నీరు. సున్నపురాతి పొరల గుండా వచ్చే ఆ భూగర్భ జలంలో కాల్షియం, మెగ్నీషియం మెండు. అందుచేత అక్కడ ఇంటింటా నీటిని మెత్తబరిచే యంత్రం ఉంటుంది. అందులోని రెజిన్ పూసలు కాల్షియాన్ని పట్టుకొని సోడియాన్ని వదులుతాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీటితో కడిగి మళ్ళీ సిద్ధం చేయాలి. దానిని బాగుచేసే మనిషి తన పుటలో 'అయాన్ వినిమయ వ్యవస్థల నిర్వహణ' అని రాసుకుంటాడు. అది శాస్త్రీయంగా తప్పు కాదు. కాని ఆ ఇంటి మనిషి రాత్రి పదకొండు గంటలకు టైపు చేసేది 'కెటిల్‌లో తెల్ల పొర', 'గాజు గ్లాసుల మీద మచ్చలు', 'సబ్బు నురగ రావడం లేదు' అని.

మన వారి బాధ ఇంకొకటి ఉన్నది: కందిపప్పు ఉడకదు. నీటిలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది; ఎన్ని విజిళ్ళు వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. పల్నాటి బావి నీళ్ళ గురించి బామ్మలు ఏనాడో చెప్పిన మాట ఇది. వారు 'కఠిన జలం' అనలేదు, 'పప్పు ఉడకని నీళ్ళు' అన్నారు. పనివాడి పుటలో ఈ రెండు మాటలూ ఉండాలి. మొదటిది తోటి పనివాడికి, రెండవది డబ్బు ఇచ్చే మనిషికి. రెండింటిలో ఒక్కదానికే చోటున్నదంటే రెండవదే ఉంచాలి.

తెలుగువారి వ్యాపారాలలో భాష మరొక ముడి వేస్తుంది. ఒంటారియోలో టిఫిన్ సర్వీసు అంటే ఉత్తరాది వాడుక ప్రకారం రోజువారీ భోజనం డబ్బా: రొట్టెలు, కూర, పప్పు, అన్నం, నెలవారీ చందా. తెలుగువారికి టిఫిన్ అంటే ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా. పొద్దున్నే ఇడ్లీలు అమ్మదలచిన తెలుగు వంటావిడ 'టిఫిన్' అని ఒక్క మాట రాస్తే ఫోనులు తప్పకుండా వస్తాయి. "ఆంటీ, నెలకు ఎంత? రొట్టెలు ఎన్ని?" అని విద్యార్థులు అడుగుతారు. ఆమె రొట్టెలు చేయదు. రోజుకు ఇరవై మందికి కాదని చెప్పడంతోనే సరిపోతుంది. 'ఇడ్లీ', 'పెసరట్టు', 'ఆంధ్ర ఉదయపు ఉపాహారం' అని విడమర్చి రాస్తే ఫోనులు తగ్గుతాయి, ఇడ్లీలు అమ్ముడవుతాయి.

పురోహితుల విషయం మరీ చిత్రం. తెలుగు ఇంట అయ్యగారు, పంతులుగారు, తమిళుల ఇంట వాధ్యార్, ఉత్తరాదివారికి పండిట్. ఇంట పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో ప్రీస్ట్ అంటారు. గృహప్రవేశం చేయించుకోవాలన్న కుర్రవాడు హౌస్‌వార్మింగ్ పూజ అని వెతుకుతాడు. అతని తల్లి గుంటూరు నుండి ఫోనులో చెప్పిన మాట మాత్రం గృహప్రవేశం. దానిని ఇంగ్లీషు అక్షరాలలో రాయడం మొదలుపెడితే 'గృ'కు రెండు తీరులు, 'శం'కు రెండు తీరులు, వెరసి నాలుగు వర్ణక్రమాలు తేలుతాయి. శోధన యంత్రాలు ఇటువంటి భేదాలను కొంతవరకు కలిపి చూస్తాయి, పూర్తిగా కాదు. తెలుగు లిపిలో కూడా ఒక పేరా ఉండడం మంచిది. తెలుగు లిపిలో టైపు చేసే పెద్దలు తక్కువమందే కావచ్చు. కాని కెనడాలో ఆ లిపిలో పౌరోహిత్యం గురించి రాసిన పుటలు ఇంకా తక్కువ. స్పార్క్ జోన్స్ సూత్రం ఇక్కడ మనకు చుట్టమే.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహం రావచ్చు. "ఇటువంటి మాటలకు వెతుకులాట సున్నా అని పరికరం చూపిస్తున్నది కదా?" నిజమే. గూగుల్ వారి పదాల ప్రణాళికా పరికరం చిన్న ఖాతాలకు కచ్చితమైన అంకెలు ఇవ్వదు. పది నుండి వంద అని, వంద నుండి వెయ్యి అని విశాలమైన శ్రేణులు చూపుతుంది. లక్షపై చిలుకు జనాభా గల నగరంలో, ఒక చిన్న పేటలో, ఒక ప్రత్యేక సేవకు సంబంధించిన మాట ఆ వలలో పడదు. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఈ పరిస్థితి సుపరిచితం. నీటి నమూనాలో సీసం 'కనబడలేదు' అని నివేదిక వస్తే సీసం లేదని అర్థం కాదు. ఆ యంత్రం చూడగలిగిన కనిష్ఠ పరిమితి కంటె తక్కువ ఉన్నదని మాత్రమే అర్థం. నెలకు ఎనిమిదిమంది వెతికిన మాట పరికరానికి సున్నా కావచ్చు. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు చేరితే ట్యూషను గదిలో ముగ్గురు పిల్లలు. కోట్ల అంకెలకు అలవాటుపడిన పరికరంతో పదిహేను మంది విద్యార్థుల వ్యాపారాన్ని కొలవడం ధర్మకాటాతో బంగారం తూచడం వంటిది.

మరి చిన్న త్రాసు ఏది? ఫోను పక్కన ఒక నోటు పుస్తకం. ఫోను చేసిన ప్రతివారు మొదటి వాక్యంలో ఏ మాట వాడారో అలాగే, దిద్దకుండా రాసుకోవాలి. మనం సరైన పదంతో దిద్దిన మరుక్షణం సమాచారం చెడిపోతుంది. తమ సైటుకు ఏ మాటలతో మనుషులు వచ్చారో గూగుల్ సర్చ్ కన్సోల్ ఉచితంగా చూపుతుంది. అయితే మరీ అరుదైన మాటలను వ్యక్తుల గోప్యత కోసం అది దాచివేస్తుంది. చిన్న వ్యాపారికి అత్యంత విలువైనవి సరిగ్గా ఆ మాటలే! నోటు పుస్తకానికి ప్రత్యామ్నాయం లేదనడానికి ఇదొక్కటే చాలు. నలభై ఫోనులు రాసుకున్న తరువాత అందులో రెండుసార్లకు మించి వచ్చిన మాటలు ఏవో చూసుకుంటే కీలక పదాల పట్టిక చేతిలో ఉన్నట్లే.

డబ్బు పెట్టి ప్రకటనలు వేసేవారికి రెండు మాటలు. గూగుల్ ప్రకటనలలో ప్రాంతం ఎంచుకున్నప్పుడు, ఆ ప్రాంతంలో ఉన్నవారికే కాక, ఆ ప్రాంతం పట్ల ఆసక్తి చూపినవారికి కూడా ప్రకటన చూపడం మామూలుగా పెట్టి ఉన్న అమరిక. హైదరాబాదులో కూర్చుని వాటర్లూ విశ్వవిద్యాలయంలో సీటు కోసం వెతుకుతున్న విద్యార్థి కూడా ఆసక్తి గలవాడే. అతను నొక్కిన ప్రతి నొక్కుకూ ఇక్కడ డాలర్లు కరిగిపోతాయి. ఆ అమరికను మార్చి, ఆ ప్రాంతంలో ఉన్నవారికే పరిమితం చేయాలి. రెండవది, వద్దనుకునే మాటల జాబితా. 'ఉద్యోగం', 'జీతం', 'ఉచితం', 'ప్రశ్నపత్రం', 'అయోవా' అనే మాటలున్న వెతుకులాటలకు ప్రకటన చూపవద్దని చెప్పవచ్చు. కావలసిన మాటల మీద వారం రోజులు ఆలోచించేవారు వద్దనే మాటల మీద అరగంట కూడా వెచ్చించరు.

పెద్ద వల వేస్తే ఎక్కువ చేపలు పడవా అనే వాదం ఉన్నది. అది కొట్టిపారేయవలసిన వాదం కాదు. ఆ ఇల్లాలు ఇంటి వద్ద కాక కంప్యూటరు తెర మీద, హైదరాబాదు పిల్లలకు కూడా యూక్లిడ్ పరీక్షకు శిక్షణ ఇస్తానంటే 'వాటర్లూ మ్యాథ్' అనే మాటే ఆమెకు బంగారు గని. అప్పుడు ఆమె పోటీపడవలసింది ప్రపంచంతో. అందుకు వేరే పుట, వేరే వేళలు, వేరే ధర ఉండాలి. బేస్‌మెంటులో కుర్చీలు వేసి చెప్పే చదువుకు, మంచులో నడిచి వచ్చే పిల్లవాడికి ఆ మాట పనికిరాదు. సేవ ఎంత దూరం పోగలదో మాట కూడా అంత దూరమే పోవాలి.

ఇటీవల మనుషులు ఫోనుతో మాట్లాడి వెతుకుతున్నారు. 2024 నుండి కృత్రిమ మేధ రాసిన జవాబులు ఫలితాల పైన కనబడుతున్నాయి. ఇక కీలక పదాల పని అయిపోయిందని కొందరంటున్నారు. ఆ యంత్రం కూడా జవాబు చెప్పడానికి ఎక్కడో రాసి ఉన్న పుటనే చదవాలి. ఎవరు, ఎక్కడ, ఏ తరగతికి, ఏ వేళలో అన్న సంగతి ఆ పుటలో లేకపోతే ఏ మేధ అయినా ఊహించే చెప్పాలి.

ఆ ఇల్లాలి పుట దగ్గరకు తిరిగి వస్తే, దానిని బాగుచేయడానికి ఒక సాయంత్రం చాలు. ఒంటారియో ఉన్నత పాఠశాలలలో ప్రతి పాఠ్యాంశానికి ఒక సంకేతం ఉన్నది. 2021 నుండి తొమ్మిదవ తరగతి లెక్కలు ఎం.టి.హెచ్.1.డబ్ల్యు, పన్నెండవ తరగతిలో అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్ ఎం.హెచ్.ఎఫ్.4.యు., కాల్కులస్ అండ్ వెక్టార్స్ ఎం.సి.వి.4.యు. పిల్లవాడి మార్కుల కాగితం మీద ఈ సంకేతమే ఉంటుంది. ఆ కాగితం చూసి కంగారుపడిన తల్లి టైపు చేసేది కూడా తరచు ఇదే. బీజింగులో గాని, అయోవాలో గాని, లండను స్టేషనులో గాని ఈ సంకేతంతో ఎవరికీ పని లేదు. దాని పక్కన ఊరి పేరు, పేట పేరు చేరిస్తే చాలు. 'వాటర్లూ మ్యాథ్' అన్న పెద్ద అక్షరాలు తీసివేసి, ఆ చోట 'లారెల్‌వుడ్, వాటర్లూ: ఎం.హెచ్.ఎఫ్.4.యు., ఎం.టి.హెచ్.1.డబ్ల్యు. లెక్కలు మా ఇంటి వద్ద, మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుండి. తెలుగులో కూడా అడగవచ్చు' అని రాసుకోవాలి. సందర్శకుల పట్టికలో అంకెలు మరుసటి నెలే పడిపోతాయి. భర్త కంగారుపడి పాత మాటను తిరిగి పెట్టకుండా చూసుకోవాలి.